వై యాక్సిస్ మీద ఇడ్లీలు

మా ఫిజిక్స్ ల్యాబ్ మేడమ్ పోయారని మంగళవారం పొద్దున బ్యాచ్ గ్రూపులో మెసేజ్ వచ్చింది. అందరూ దండాలు పెడుతుంటే ఒకమ్మాయి పొరపాటున బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టి, కంగారుగా తీసేసింది. మేడమ్ ఉంటే ఊరుకునేవారు కాదు. "తప్పు రీడింగ్ చెరిపేయకూడదమ్మా. గీత కొట్టి, పక్కన సరైంది రాయాలి" అనేవారు.

నూజివీడు హాస్టల్లో చేరిన ఏడాది నాకు పదహారేళ్లు. మామిడి తోటలు పూతకొచ్చిన రోజుల్లో నేను మంచం దిగడం మానేశాను. ఏడుపు లేదు, ఆకలీ లేదు. పొద్దున కళ్లు తెరిస్తే, ఎందుకు తెరిచానా అనిపించేది. అమ్మ ఫోన్‌లో దిష్టి అంది. వార్డెన్ గారు బద్ధకం అన్నారు. రూమ్మేట్ లవ్ ఫెయిల్యూర్ అని ప్రచారం చేసింది. అబ్బాయెవరో నాక్కూడా చెప్పలేదు.

మూడు ప్రాక్టికల్స్ ఎగ్గొట్టాక మేడమ్ స్వయంగా గదికొచ్చారు. తిడతారనుకున్నాను.

"పడుకోవాలంటే నా లేజర్ ల్యాబ్‌కి రా. చీకటి, ఏసీ, పైగా ఎవరూ పలకరించరు."

నిజంగానే వెళ్లి చాప మీద పడుకున్నాను, రూలు ప్రకారం లేజర్ కళ్లద్దాలు పెట్టుకుని మరీ. ఆవిడ నా మానాన నన్నొదిలేసి, కలకండ పలుకంత క్రిస్టల్‌తో పోట్లాడుకునేవారు. కంటికి కనపడని రెండు లేజర్ కిరణాలు అందులో సరైన కోణంలో కలిస్తే ఆకుపచ్చ వెలుగు రావాలి. రాదే! "నీకేం తక్కువ చేశానే?" అని దాన్ని నిలదీసేవారు.

నాలుగో రోజు ఆ వెలుగు వచ్చింది. నేను లేచి కూర్చున్నాను. "మేడమ్, అంటే మనుషుల్లో కూడా ఇలాగే..."

"నీతులు వెతక్కు. కోణం రాసుకో."

ఆ వారమే అమ్మని పిలిపించారు. "పిల్లకి జ్వరమొస్తే దిష్టి తీస్తారా, డాక్టర్‌కి చూపిస్తారా?"

"రెండూ చేస్తామండీ."

"అయితే దిష్టి ఇవాళ తీసేయండి. రేపు విజయవాడ వెళ్దాం."

అక్కడ డాక్టరమ్మ నన్నడిగిన ప్రతిదానికీ మేడమే జవాబు చెప్పారు. చివరికి డాక్టరమ్మ ఆవిడని బయట కూర్చోమన్నారు. వెళ్తూ వెళ్తూ ఒక గ్రాఫ్ కాగితం బల్ల మీద పెట్టారు. ఎక్స్ యాక్సిస్ మీద తేదీలు, వై యాక్సిస్ మీద నేను తిన్న ఇడ్లీలు. డాక్టరమ్మ నవ్వాపుకుని, "ఇది డిప్రెషన్. నీ తప్పు కాదు, నయమవుతుంది" అన్నారు. మందులూ మాటలూ కాయకోతలయ్యేదాకా నడిచాయి. నయమైంది. ఇప్పుడు నేనూ ఒక ల్యాబ్ చూస్తున్నాను. రెండు ప్రాక్టికల్స్‌కి రాని పిల్ల ఉంటే వెళ్లి తలుపు కొడతాను.

ఆ రోజు తిరుగుప్రయాణంలో అమ్మ కోసం, నూజివీడు దాటి మా ఊరి మీదుగా పోయే విస్సన్నపేట బస్సెక్కాం. ఆగిరిపల్లి రాకముందే మేడమ్ నోరు తెరుచుకుని నా భుజం మీద నిద్రపోయారు, గురకతో సహా. మేమిద్దరం దిగాల్సిన నూజివీడు స్టాండ్‌లో లేపబోతే, "పడుకోనీవే పాపం. మనింట్లో అన్నం తిని వెళ్తారు" అంది అమ్మ. బస్సు మామిడి తోటల్లోకి తిరిగింది. భుజం తిమ్మిరెక్కిపోయింది. నేను కదల్లేదు.