మా నాయన మెత్త, కణం చుట్టూ కొవ్వు పొర

ఆ రోజుల్లో మార్కాపురంలో ఒక ఆడపిల్ల డిగ్రీలో బయోకెమిస్ట్రీ చదువుతోందంటే సగం మంది అదేదో వంటల కోర్సనుకునేవాళ్లు. వాళ్లతో నాకు పేచీ లేదు. పేచీ అంతా మా చిన్నత్తతో. ఇప్పటికీ ఏ పెళ్లిలో కనిపించినా "ఇది కాలేజీలో వాళ్ల నాయనను స్టేజీ ఎక్కించి నవ్వులపాలు చేసింది" అంటుంది. శుద్ధ అబద్ధం. అక్కడ స్టేజీయే లేదు, అది ల్యాబు. అక్కడ జరిగింది ప్రయోగం.

సెమినార్‌లో నెగ్గిన ఒక్కరినే యూనివర్సిటీకి పంపుతారు. ఆ ఒక్కరూ నేనే కావాలి (అప్పటికి నేను ఒంటరిగా వెళ్లిన దూరం గిద్దలూరే, అదీ అత్త ఇంటికి). నా విషయం కణం చుట్టూ ఉండే కొవ్వు పొర. ఆ పొరలో కూర్చున్న రిసెప్టర్ అనే ప్రొటీన్ తనకు సరిపోయే అణువును గుర్తుపట్టి పట్టుకుంటుంది. సబ్బులాంటి పదార్థంతో పొరను కడిగి దాన్ని బయటికి లాగితే, చాలాసార్లు దాని రూపు చెడి, అదే అణువు ఎదురొచ్చినా గుర్తుపట్టదు. తిరిగి కొవ్వులో కూర్చోబెడితే మళ్లీ పట్టుకోగలదు. మా సారు ఒప్పుకోలేదు. "తాళం తాళమేనమ్మా. తలుపుకున్నా బల్ల మీదున్నా అదే చెవికి తెరుచుకుంటుంది. మధ్యలో పొర గొప్పేంది? అందరికీ అర్థమయ్యేట్టు చూపించు, లేకుంటే నీ పేరు తీసేస్తా" అన్నారు. "చూపిస్తా సార్, మా ఇంట్లోనే ఉంది" అన్నాను.

మా నాయనది పలకల దుకాణం. అక్కడ తన పాత మెత్త మీద కూర్చున్నాడంటే, తర్లుపాడు మామను (చుట్టం కాదు, బడులు తెరిచే ముందు పలకలు కొనుక్కెళ్లే బేరగాడు) దగ్గు విని గుర్తుపట్టేవాడు. అదే నాయన బజారులో నేను ఎదురైతే "పక్కకు జరుగమ్మా" అని వెళ్లిపోయేవాడు. సెమినార్ రోజు, కాలేజీకి పెద్దవాళ్లను రమ్మన్నారని మాత్రమే చెప్పి, తలంటుకోమని పోరి, ఇస్త్రీ చొక్కా తొడిగించి (సబ్బుతో కడిగే ఘట్టం ఇదే) ల్యాబుకు తీసుకొచ్చాను. నేను ముందే కబురు పెట్టిన తర్లుపాడు మామ ఎదురొచ్చాడు.

"ఏం బావా, బాగుండావా?"

నాయన చేతులు జోడించాడు. "నమస్కారం సార్. మీరు ఏ సబ్జెక్టు చెప్తారు?"

మామ ముఖం మాడిపోయింది. "ఏంది పాపా, మీ నాయన ఇట్ల మాట్లాడతాడు? దీనికా నన్ను బస్సెక్కించి పిలిపించినావు?"

నేను సంచిలోంచి మెత్త తీసి బల్ల మీద వేసి, నాయనను కూర్చోబెట్టి, చేతిలో పలక పెట్టాను. ఆయన దాన్ని వేలితో కొట్టి, మోత విని, తలెత్తాడు.

"ఓరి బావా, నువ్వా? ఎప్పుడొచ్చినావు? పోయిన తూరి పలకలు పగలకుండా చేరినాయా?"

ల్యాబంతా ఒకటే నవ్వు. సారు మాత్రం మెత్తను అటూ ఇటూ తిరగేసి చూశారు. నా పేరు ఉంచారు ("యూనివర్సిటీకి ఈ మెత్త తీసుకపోవద్దు" అన్న షరతుతో).

ఇప్పుడు నేనూ ఆ పాఠమే చెబుతున్నాను, నాయన ఉదాహరణతోనే. వాదనలో ఎవరికీ తగ్గని నేను పిల్లలు అడిగే ఒక్క ప్రశ్న దగ్గరే తడబడతాను. చొక్కా మార్చినంత మాత్రాన ఎన్నేళ్లుగానో తెలిసిన మనిషిని మరిచిపోతాడా? నాయననే దుకాణంలో అడిగితే "బేరం టైములో ఏందమ్మా ఇది" అంటాడు. ఇంట్లో అడిగితే చేతులు జోడించి "మీరు ఏ సబ్జెక్టు చెప్తారు?" అంటాడు, మీసాల చాటున నవ్వుతూ. ఇంతకీ ఆ రోజు ప్రయోగం చేసింది నేనా, ఆయనా?