లింగంపల్లి నుంచి మంచం కిందికి

మా అక్క యాదమ్మ ఆరేళ్లుగా మా గడప తొక్కలేదు. హాల్లో దండ వేసిన నాన్న ఫోటో ఉన్నంతకాలం తొక్కనంది. నన్ను ఆయన ఏనాడూ కొట్టలేదు కాబట్టి నేను దించనన్నాను. అక్క ఉండేది వారాసిగూడలో; యూనివర్సిటీ హాస్టల్ మెస్‌లో వంట చేస్తుంది. అక్కడి సైకాలజీ డాక్టరమ్మ, చిన్నప్పుడు ఇంట్లో దెబ్బలు చూసినవాళ్లు పెద్దయ్యాక ఎలా నిలదొక్కుకున్నారో తెలుసుకోవడానికి తోబుట్టువులను జంటగా పిలుస్తోందట. "నువ్వొస్తె నేను పోత" అని అక్క ఫోన్ చేసింది. ఆరేళ్లలో అది రెండోది. మొదటిది పొరపాటున కలిసిన నంబరు.

వెళ్లదలచిన వారికోసం వివరాలు రాస్తున్నాను. లింగంపల్లిలో ఎంఎంటీఎస్ రైలు ఎనిమిదీ పదికన్నారు, ఎనిమిదీ ఇరవై మూడుకు కదిలింది. బేగంపేటలో సీటు దొరికింది. పక్కన పూలబుట్టతో కూర్చున్నామె ఎక్కడికని అడిగింది. యూనివర్సిటీకన్నాను.

"గీ వయసుల ఏం సదువుతున్నవన్నా?"

"నా చిన్నతనం."

"పాసైతె జెప్పు. మా ఆయన్ని గూడ పంపిస్త."

సీతాఫల్‌మండిలో అక్క ప్లాట్‌ఫారం చివర నిలబడి ఉంది. "పదమూడు నిమిషాలు లేటు" అన్నాను. "ఆరేండ్లు లేటు" అని ఆటో ఎక్కింది.

డాక్టరమ్మ గుంటూరు వైపు మనిషి. ముందు నలభై ప్రశ్నల ఫారం ఇచ్చింది. ఒక్కోదానికి, బాధ ఎంతుంటే అంత, సున్నా నుంచి నాలుగు మార్కులు. తొమ్మిది నిమిషాల్లో నింపేశాను, దాదాపు అన్నీ సున్నాలే. చివర మొత్తం కూడా వేసిచ్చాను.

"అది మీరు వెయ్యక్కర్లేదండీ."

"ఇరవై మూడో ప్రశ్న తిరగేసి అడిగారు మేడం. దాని మార్కు కూడా తిరగేశాను."

"మా స్టూడెంట్లకి అది చెప్పి చెప్పి నోరు పోతుందండీ! లెక్కలు ఎక్కడ నేర్చుకున్నారు?"

"సొంతంగా. ఫారం చివర చదువు గురించి అడిగినచోట కూడా రాశాను. చదివింది ఐదే, ఇవాళ బిల్డర్లు అంచనాలకు నా దగ్గరికే వస్తారు."

అక్క ఫ్యాన్ వైపు చూసి నవ్వింది.

తర్వాత ఇద్దరికీ చెరో కాగితం. పెరిగిన ఇల్లు గీసి, గొడవ జరిగేటప్పుడు ఎవరు ఎక్కడుండేవారో చుక్కలు పెట్టాలి. నేను అడుగుకు ఒక సెంటీమీటరు చొప్పున రెండు గదులూ, పొయ్యీ, మంచమూ కొలిచి గీశాను. మంచం కింద నా చుక్క. అమ్మకు చుక్క లేదు, అప్పటికే పోయింది.

అక్క కాగితంలో గోడలే లేవు. కాగితమంతా మంచమే. దాని కింద ఒక చుక్క, పైన వరసగా నిలువుగీతలు.

"ఈ గీతలేంటండీ?" అంది డాక్టరమ్మ.

"నా మీద అయ్య బెల్టు దెబ్బలు మేడం. నాకు పదకొండేండ్లు, ఈనికి నాలుగు. ఈడు ఏడ్సిండంటె ఈన్ని గూడ బయటికి గుంజుతడు. అందుకే దెబ్బ దెబ్బకు ఒకటి, రెండు అని నేనే గట్టిగ లెక్కవెట్టేదాన్ని. 'మనసుల నువ్వు గూడ లెక్కవెట్టురా, రేపు అడుగుత, తప్పు జెప్తె మొట్టికాయ' అనేదాన్ని. ముప్పై దాక అంకెలు గట్లనే వచ్చినయి ఈనికి."

నాకు అంకెలు గుర్తున్నాయి. వాటిని పలికిన గొంతును ఎక్కడ పారేసుకున్నానో తెలియలేదు. ఫారం వెనక్కి అడిగి, 'సొంతంగా' కొట్టేసి, 'మా అక్క' అని రాశాను.

"ఇప్పుడు మొత్తం మారుతుందా మేడం?"

"ఆ ప్రశ్నకి మార్కుల్లేవండీ" అంది డాక్టరమ్మ, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఒంటిగంటా ఇరవైకి తార్నాకలో భోజనం. పప్పు బాగుంది, సాంబారును నమ్మవద్దు. చెయ్యి కడుక్కుని మా ఆవిడకు ఫోన్ చేసి ఫోటో దించమన్నాను.

"దులపడానికా?"

"దించడానికి."

అక్క మజ్జిగ గ్లాసు కింద పెట్టింది. "నేనొస్త. ఆడ గా ఫోటో ఇంక యేలాడుతుంటె మాత్రం నిలవడ్డ కాళ్ల మీద వాపసే."

మా ఇంటికి దగ్గరైన మియాపూర్‌కు రెండు మెట్రో టికెట్లు తీసుకున్నాను. అమీర్‌పేటలో మారాలి, అక్కడ జనం మనల్నే మోసుకెళ్తారు, శ్రమ లేదు. ఎర్రగడ్డ రాగానే అక్క మోచేత్తో పొడిచింది. "డాక్టరమ్మ నిన్ను గీడి పిచ్చిదవాఖానకు పంపలే, సంతోషపడు."

అప్పుడే మా ఆవిడ హాలు గోడను ఫోన్‌లో ఫోటో తీసి పంపింది. దండ లేదు, నాన్న లేడు. ఆ చోటు మాత్రం తెల్లగా మిగిలింది.

"అడుగున్నర బై అడుగు" అని ఫోను అక్కకిచ్చాను.

"సున్నం ఏపియ్యి." ఫోను నా చేతిలో పెట్టింది. "మియాపూర్‌కు ఇంకెన్ని స్టేషన్లురా?"

అంకె నాలుక చివరే ఉంది. చెప్పలేదు. వెళ్లదలచిన వారికి నా సలహా ఒకటే: ఈ ప్రయాణం ఒంటరిగా చేయకండి, లెక్క సగమే వస్తుంది.

"నువ్వే లెక్కపెట్టక్కా" అన్నాను. "గట్టిగా."

ఎదుటి సీటువాళ్లంతా తలలెత్తారు. అక్క కొంగు సర్దుకుని, తలుపు మీది పటం వైపు వేలు చూపించి, ఒకటి అంది.