పాము లేకుండా పిలిచారు

నేను తొమ్మిదో తరగతిలో ఉండగా హెడ్‌మిస్ట్రెస్ నన్ను గదిలోకి పిలిచి, చాలా మెత్తగా "కూర్చోప్పా" అన్నారు. చెన్నై పక్క మాధవరంలో మా సర్కారు బడిలో పిల్లవాణ్ని కూర్చోమన్నారంటే మంచి శకునం కాదు.

"మీరు యానాదులు కదా? ఇకమీద పాఠాల్లో గిరిజనుల సంస్కృతి కూడా చెప్పాలంట. శుక్రవారం ప్రేయర్‌లో మీ ఇంట్లోవాళ్లు ఎవరన్నా వచ్చి మాట్లాడితే బాగుంటుంది."

మా ఇంట్లో సంస్కృతి ఎక్కడుందా అని ఆలోచించాను. నాన్న మనలిలో పెయింటింగ్ పనికి వెళ్తాడు. అమ్మ సీరియల్ చూస్తుంది. అడవిని మేమంతా క్యాలెండర్‌లోనే చూశాం. నా భయం అది కాదు. నేను యానాదినని క్లాసులో ఎవరికీ తెలియదు. నా పక్కన కూర్చునేవాడు రోజూ నా డబ్బాలో సగం తినేవాడు. శుక్రవారం తర్వాత తింటాడా?

విషయం చెప్పగానే మా అవ్వ కళ్లు చిన్నవి చేసింది.

"బళ్లో పాము దూరిందా?"

"లేదవ్వా."

"మరి నాతో ఏం పని?"

మా పేటలో ఎవరింట్లోనైనా పాము కనబడితేనే, దాన్ని పట్టడానికి అవ్వ గుర్తొచ్చేది. అందుకే నేను ఎంత చెప్పినా నమ్మక, శుక్రవారం కొక్కెం కర్ర పట్టుకునే వచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ నమస్కారం పెట్టి మైకు ముందు నిలబెట్టారు.

"పాము యాడ?" అంది అవ్వ, మైకులో.

"పాము లేదమ్మా."

"అట్టయితే ఏం పోయింది? ఎవురిదన్నా గొలుసా?"

పిల్లలు విరగబడి నవ్వారు. హెడ్‌మిస్ట్రెస్ కూడా నవ్వబోయి ఆగిపోయారు.

"మమ్మల్ని పిలిచేది ఈ రెండిటికే గదా తల్లీ."

"అయ్యో, కాదమ్మా. మీ గురించి పిల్లలు నేర్చుకోవాలని."

"నేర్చుకోని ఏం జేస్తారు?"

హెడ్‌మిస్ట్రెస్ మైకు సరిచేశారు. మైకు బాగానే ఉంది.

ఇక వీళ్లు చెప్పరని అవ్వ తేల్చుకుంది. "నా మనవడు ఈడే సదువుతుండాడు. ఆ మూల, తల దించుకోనుండాడే, వాడే" అని కర్రతో చూపించి దిగిపోయింది. బడిలో మా సంస్కృతి అంతటితో ముగిసింది.

మధ్యాహ్నం నా పక్కవాడు ఎప్పటికంటే దగ్గరగా జరిగి కూర్చున్నాడు. అదీ నాకు నచ్చలేదు.

"మీ అవ్వ సూపర్ డా" అని నా డబ్బా లాక్కున్నాడు. సగం కాదు, మొత్తం తిన్నాడు. తింటున్నంతసేపూ ఎవరైనా చూస్తున్నారా అని చుట్టూ చూస్తూనే ఉన్నాడు. అది స్నేహమో, సాహసమో నాకు ఇప్పటికీ తేలలేదు. ఆ పూట పస్తున్నది మాత్రం నేనే.