నాలుగో లెడ్ ఏప్రాన్

ప్రొద్దుటూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎండోస్కోపీ టెక్నీషియన్‌గా నేను చేరింది ఒక ఎన్నికల ఏడాది, జనవరి నెలలో. అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. తిరుపతిలో డిప్లొమా ముగించి రెండేళ్లయింది. నా పైన ఎండోస్కోపీ డాక్టరు గారు, ఆయనతో సమానంగా సర్జన్ గారు. నా కింద మనుషులెవరూ లేరు, వస్తువులు ఉన్నాయి. వాటన్నిటికీ ఒక పట్టిక రాసి గోడకు అతికించాను. పేగులోకి దూర్చి చూసే స్కోపు, సక్షను, గైడ్‌వైర్లు, కాంట్రాస్టు మందు, లెడ్ ఏప్రాన్లు నాలుగు... మొత్తం పంతొమ్మిది వరుసలు. ప్రొసీజరుకు ముందొకసారి, తర్వాత ఒకసారి టిక్కు పెట్టేవాణ్ని. నేను పెన్ను తీయగానే మా సిస్టరు నవ్వు ఆపుకునేది.

ఫిబ్రవరిలో జమ్మలమడుగు అవతలి పల్లె నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డెబ్బై దాటిన మనిషి, షుగరు, గుండె బలహీనం, అయినా ఆ ఎన్నికల్లో పోటీకి సిద్ధమవుతున్నాడు. రెండు జీపుల్లో పదకొండు మంది ఆయన వెంట దిగారు. ఫ్యాక్షను రోజులు కాబట్టి అది మాకు వింత కాదు. గేటు దగ్గర ఇద్దరు, మెట్ల దగ్గర ఇద్దరు వాళ్లంతట వాళ్లే నిలబడ్డారు. వాళ్ల చేతి సంచుల్లో ఏముందో మేము అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

పెద్దాయనకు నాలుగు రోజులుగా విరేచనం లేదు, కింద నుంచి గాలి కూడా పోలేదు. కడుపు డోలులా బిగిసింది. స్కానులో కారణం తెలిసింది. పెద్దపేగు ఎడమ భాగంలో క్యాన్సర్ గడ్డ పెరిగి దారి మూసేసింది. దానికి పైనున్న పేగు ఉబ్బి పలచబడుతోంది. అది పగిలితే మలం కడుపంతా చేరుతుంది. ఆ తర్వాత మనిషి దక్కడం కష్టం.

డాక్టరు గారు రెండు దారులు చెప్పారు. ఒకటి, వెంటనే ఆపరేషను. పేగు ఆ స్థితిలో ఉన్నప్పుడు కోస్తే చాలాసార్లు అతికించడానికి వీలుకాదు, పొట్ట మీద రంధ్రం చేసి మలానికి సంచి పెట్టాలి. రెండోది స్టెంటు. అది సన్నటి లోహపు వల గొట్టం. ముడిచి గడ్డ లోపలికి దూర్చి వదిలితే తనంతట తాను విచ్చుకుని దారి చేస్తుంది. క్యాన్సర్ పోదు. కానీ ఒంట్లో బలం చేరడానికి, షుగరు అదుపు చేయడానికి కొన్ని రోజులు దొరుకుతాయి. తర్వాత నిదానంగా ఆపరేషను చేస్తే సంచి లేకుండా అతికించే అవకాశం ఎక్కువ. అయితే దూర్చేటప్పుడే పేగు చిరగవచ్చు, చిరిగితే జబ్బు కడుపులోకి పాకవచ్చు. ఇది కూడా ఆయన దాచలేదు.

పెద్దాయన అంతా విని, "సంచి కట్టుకుంటే మనిషి బతకడా సారూ?" అన్నాడు. శుభ్రంగా బతుకుతాడని, ఎంతోమంది అలా తిరుగుతున్నారని డాక్టరు గారు చెప్పారు.

"బతుకుతా లే. నామినేషను దినం ఎదురు పార్టీవోళ్లు మైకులో చెప్పేదంతా ఆ సంచి గురించే ఉంటాది. రెండోదే చెయ్యండి" అని సంతకం పెట్టాడు.

స్టెంటు బెంగుళూరు నుంచి బస్సు పార్సిల్‌లో మరుసటి ఉదయం దిగింది. ఎముకల థియేటరు నుంచి సీ-ఆర్మ్ తెచ్చుకున్నాం. లోపల జరిగేది తెర మీద చూపించే ఎక్స్‌రే యంత్రం అది. అది నడుస్తున్నంతసేపు గదిలో పనిచేసే నలుగురూ, అంటే డాక్టరు గారు, సిస్టరు, ఎక్స్‌రే ఆపరేటరు, నేను, ఏప్రాన్లు తొడుక్కోవాలి.

పెద్దాయన పక్కన జీపులో ఇరవై ఏళ్లుగా కూర్చునే మనిషి సుబ్బరాయుడు. గొర్రెలు కాసే ఇంట్లో పుట్టి ఆయన నీడగా మారినవాడు. తలుపు దగ్గర కొక్కేలకు వేలాడుతున్న ఏప్రాన్లను ఒక్కొక్కటే ఎత్తి చూస్తున్నాడు.

"ఏందప్పా ఇది, ఇంత బరువుండాది?"

"ఎక్స్‌రే కిరణాలు ఒంట్లోకి పోకుండా ఆపేది మామా. లోపల సీసం ఉంటుంది."

"కిరణం కంటికి కనపడదు గదా?"

"కనపడదు."

"కనపడనిదాన్నే ఆపుతాంటే, కనపడేదాన్ని ఆపదా?"

ఇంతలో లోపలి నుంచి పిలుపొచ్చింది. జవాబు చెప్పకుండా పోయాను.

పెద్దాయనను బల్ల మీద పడుకోబెట్టాక పట్టిక తీశాను. పద్నాలుగో వరుస దగ్గర పెన్ను ఆగింది. ఏప్రాన్లు మూడే ఉన్నాయి. నాకు లేకపోయినా చేద్దామన్నాను. డాక్టరు గారు ఒప్పుకోలేదు. పెద్దాయన కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, నిన్నటికంటే బిగిసిందని, ఐదు నిమిషాల్లో వెతికి తెమ్మని అన్నారు.

వెతకనవసరం లేకపోయింది. సుబ్బరాయుడు జీపు ముందు సీట్లో కూర్చుని ఉన్నాడు. చొక్కా గుండీలు పిగిలిపోయేట్టున్నాయి.

"మామా, అది ఇచ్చెయ్."

"ఇది మా అన్నకు. మా ఊరి మలుపు కాడ పోయినేడు బాంబులేసినారు. కొలత చూస్తాండా, సరిపోతాది. మీకు ఇంకా మూడుండాయి గదా!"

"ఇది గుండునూ ఆపదు, బాంబునూ ఆపదు."

"నువ్వు చూసినావా?"

నేను చూడలేదు.

"ఊరి మలుపు దాకా ఎందుకు మామా? ఆయన పేగు ఈడనే, ఇప్పుడే పగిలేట్టుంది. ఈ కోటు నా ఒంటి మీద లేకుంటే డాక్టరు మిషను వెయ్యడు."

సుబ్బరాయుడు గుండీలు విప్పలేదు, చొక్కా లాగేశాడు. మూడు గుండీలు జీపులో రాలాయి. ఏప్రాన్ చంకలో పెట్టుకుని నాకంటే ముందు మెట్లెక్కాడు. నాకు తొడిగి, వెనక పట్టీ తానే బిగించి, "ముందే చెప్పుంటే ముట్టుకుంటానా అబ్బీ!" అని నా మీదే కసిరాడు.

స్టెంటుకు దారి చూపే తీగ, గైడ్‌వైరు, గడ్డ దగ్గర రెండుసార్లు జారింది. మూడోసారి దూరింది. కాంట్రాస్టు మందు ఎక్కిస్తే గడ్డ అవతలి పేగు తెర మీద కనిపించింది. తీగ మీదుగా స్టెంటును నడిపించి, డాక్టరు గారు చెప్పిన కొద్దీ దాన్ని ముడిచి పట్టిన పై తొడుగును నేను వేలెడు వేలెడు వెనక్కి లాగాను. స్టెంటు విచ్చుకుంది. రెండు చివర్లూ వెడల్పై, గడ్డ నొక్కిన చోట సన్నగా, అచ్చం డమరుకంలా. మరుక్షణం గాలి, దాని వెనకే నాలుగు రోజుల సరుకు బయటికొచ్చాయి. అనుభవమున్న డాక్టరు గారు పక్కకు తప్పుకున్నారు. తొడుగు పిడి నా చేతిలో ఉంది కాబట్టి నేను తప్పుకోలేదు.

ఆ మోతకు బయట సుబ్బరాయుడు తలుపు బాదాడు. "ఏందది? ఏం పేలింది?"

"ఏమీ పేలలేదు, దారి పడింది" అని సిస్టరు కేక వేసింది.

ఒక మనిషికి గాలి పోయిందని పదకొండు మంది ఈలలు వేయడం నేను మళ్లీ ఎన్నడూ వినలేదు. బయటికొచ్చి, మెడ నుంచి మోకాళ్ల దాకా తడిసిన ఏప్రాన్‌ను సుబ్బరాయుడికి చూపించాను.

"ఇప్పుడు తీసుకుంటావా మామా?"

"వద్దు నాయనా. నీకే బాగుండాది" అని రెండడుగులు వెనక్కి వేశాడు.

పదకొండో రోజు సర్జన్ గారు గడ్డను తీసేసి, పేగును ఒకే విడతలో అతికించారు. సంచి అవసరం రాలేదు. క్యాన్సర్ మందుల కోసం పెద్దాయన తర్వాత కొన్ని నెలలు బెంగుళూరు తిరిగాడు. నామినేషను రోజు జీపులో నిలబడే ఊరేగాడట. ఎదురు పార్టీ మైకులు ఆయన్ను చాలానే తిట్టాయని, వాటిలో పేగు మాట మాత్రం లేదని సుబ్బరాయుడు వచ్చి చెప్పిపోయాడు.

ఏళ్ల తరబడి ఆ ఏప్రాన్ బరువు మోసి నడుము పట్టేయడంతో నేను ముందుగానే ఉద్యోగం మానుకున్నాను. స్టెంటు జబ్బును నయం చేయదు, అందరికీ సరిపడదు. సరిపడినవాళ్లకు ఆపరేషనుకు ముందు కొన్ని రోజులు ఇస్తుంది. ఆ రోజు నేను ఒక ప్రశ్నకు జవాబివ్వకుండా లోపలికి పోయినందువల్ల ఆ కొన్ని రోజులూ పెద్దాయనకు చేజారబోయాయి. అదే సాయంత్రం పట్టికలో ఇరవయ్యో వరుస చేర్చాను. "బయట ఉన్నవాళ్లు అడిగినదానికి జవాబు చెప్పామా?" మానేసే రోజు దాకా ఆ వరుసకు టిక్కు పడనిదే స్కోపును డాక్టరు గారి చేతికి ఇవ్వలేదు.