మా ఆయన కోసిన ఎక్స్‌రే

ఆ శుక్రవారం చర్చి నుంచి ఇంటికొచ్చేసరికి మా ఆయన వంటింటి బల్ల మీద నా ఎక్స్‌రేని పరిచి, బ్లేడుతో చిల్లులు కోసేస్తున్నాడు.

గల్ఫ్‌లో, సల్మానియా అనే పేటలో రెండు గదుల ఫ్లాటు మాది. నేను నర్సుని. ఆయన నా వీసా మీద వచ్చాడు, బయట ఉద్యోగం చేసే వీల్లేదు. ఎలక్ట్రానిక్స్ చదువుకున్న మనిషి కనక ఇంట్లోనే సర్క్యూట్ బోర్డులు తయారుచేసేవాడు. ప్లాస్టిక్ షీటులో చిన్న చిన్న కిటికీలు కోసి, దాన్ని బోర్డు మీద అతికించి, పైన సోల్డర్ పేస్టు వేసి, అయిపోయిన ఫోను కార్డుతో ఒక్కసారే లాగాలి. షీటు ఎత్తితే పార్టులు కూర్చోవలసిన చోటల్లా బూడిదరంగు చుక్కలు మిగులుతాయి. ఆ పేస్టు చల్లగా ఉండాలట! ఫ్రిజ్‌లో నా ఇడ్లీపిండి పక్కనే పెట్టేవాడు. సీసం కలిసిన ముద్ద, అదీ ఒక నర్సు ఇంట్లో. ఎన్నిసార్లు అరిచినా దులిపేసుకునేవాడు.

"ఏంటండీ ఇది?" అన్నాను.

"మామూలు షీటు పల్చగా ఉండి పేస్టు అలుక్కుపోతుందే. ఇదైతే గట్టిగా ఉంది. బీరువా అడుగున పడుంది కదా, పాతదే."

పాతదే! నర్సింగు చదివే రోజుల్లో వార్డులో నాకు టీబీ సోకింది. మందులు పూర్తిగా వాడాను, తగ్గిపోయింది, ఊపిరితిత్తి మీద మచ్చ మాత్రం మిగిలింది. ఆ మచ్చ చూసి అనుమానిస్తే విమానం ఎక్కించేస్తారు. అది పాతదేనని, పెరగలేదని చూపించడానికి నాకున్న ఆధారం ఆ ఫిల్ము ఒక్కటే. మర్నాడే వీసా రెన్యువల్ మెడికల్. మహానుభావుడు సరిగ్గా ఆ మచ్చ ఉన్నచోటే కోశాడు.

ఇవేవీ ఆయనకు తెలియవు. పెళ్లికి ముందే చెబుతానంటే మా అమ్మ నోరు మూయించింది. అమ్మ మీద కోపం కూడా ఆయన మీదే చూపించాను. పేస్టు డబ్బా తీసుకెళ్లి చెత్తబుట్టలో పడేశాను.

"ఒక్క ఫిల్ముకి ఇంత గోలేంటే?"

"అది లేకపోతే ఇద్దరం మూటాముల్లె సర్దుకోవాలి!" అని మొత్తం చెప్పేశాను.

ఆయన కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, "ఇప్పుడు కూడా అంటుకుంటుందా?" అన్నాడు.

నాలుగేళ్లుగా నా కంచంలో చెయ్యి పెట్టి తిన్న మనిషి! అప్పట్లో ఎంత బాధపడ్డావే అని ఒక్క మాట అడగలేదు. నాకు ఒళ్లు మండిపోయింది.

మర్నాడు చిల్లులు పడ్డ ఆ ఫిల్మునే కవర్లో పెట్టుకుని మెడికల్‌కి వెళ్లాను. డాక్టరు కొత్త ఎక్స్‌రేని వెలుతురుకి పెట్టి చూశాడు. ఎప్పుడో మానిపోయిన మచ్చేనని సంతకం పెట్టేశాడు. కవరు విప్పమని అడగనే లేదు. అనవసరంగా ఆయన ముందు బయటపడ్డానే అని దారి పొడుగునా నన్ను నేనే తిట్టుకున్నాను.

ఇంటికొచ్చి మంచినీళ్లకని వంటింట్లోకి వెళ్లాను. ఆయన గ్లాసు ఎప్పటిలాగే బల్ల మీద ఉంది. నా గ్లాసు విడిగా, కిటికీ గట్టు మీద పెట్టి ఉంది.

"ఫిట్ అన్నారు," అన్నాను.

"మంచిది," అన్నాడు, తల దించుకునే.

ఆయన గ్లాసు తీసుకుని నిండా పోసుకున్నాను. ఆయన చూసేదాకా ఆగి, గటగటా తాగి, కడగకుండా తీసుకెళ్లి ఆయన ముందే పెట్టాను.