నల్లమద్ది తల్లివైపు చుట్టాలు

మహబూబాబాద్‌లో నేను పాఠాలు చెప్పే కాలేజీ ప్రయోగశాలలో పిల్లలు ఎండిన మద్ది ఆకులు నూరుతుంటే, ఆ వగరు వాసన వరండా దాకా వచ్చింది. వెంటనే రజియక్క గుర్తొచ్చింది.

రజియక్కది జనగామ. పరిశోధనలో నాకంటే ముందు చేరింది. ఆకుల్లోని పత్రహరిత రేణువుల జన్యుక్రమం చదివి, ఏ చెట్టు ఏ చెట్టుకు దగ్గరి చుట్టమో తేల్చడం మా పని. ఆ జన్యువులు చాలా చెట్లకు తల్లి నుంచే వస్తాయి. నాకు పని నేర్పింది ఆమే. అయినా ఆమె అంటే కడుపుమంట. నేను ఏ ఫలితం చూపించబోయినా మా పరిశోధన గైడ్ సార్ తలెత్తకుండానే, "రజియా చూసిందా?" అనేవారు.

ఒకసారి భూపాలపల్లి అడవి నుంచి ఆమె తెచ్చిన నల్లమద్ది ఆకును నేను పరీక్షిస్తే, అది వేరే జాతి అయిన తెల్లమద్దుల గుంపులో పడింది. ఆమె పొరబడిందని లోలోపల సంబరపడ్డాను.

"అక్కా, ఆకుల సంచులు తారుమారు చేసినవేమో," అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "కావచ్చు. నడువు, పోయి చూద్దాం. ఈసారి ఆకు నువ్వే తెంపు."

రేగొండ దాటి అడవిలోకి వెళ్లాం. మొసలి వీపులా పగిలిన నల్లటి బెరడు. నల్లమద్దే, సందేహం లేదు. దాని ఆకులూ చుట్టుపక్కల నల్లమద్దుల ఆకులూ నేనే తెంపాను, నేనే నూరాను, ఆమెను చెయ్యి పెట్టనివ్వలేదు. అన్నిటికీ అదే ఫలితం వచ్చింది.

"ఎన్నడో వీటి వంశంల తెల్లమద్ది తల్లి ఉన్నట్టుంది," అంది రజియక్క, ముఖం వెలిగిపోతుండగా. "బెరడు చూస్తే ఎట్ల తెలుస్తది? గిది నువ్వు కనిపెట్టిందే. సార్‌కు నువ్వే చెప్పు."

చెప్పాను. సార్ మొదటిసారి నన్ను కూర్చోమన్నారు, చాలాసేపు మాట్లాడారు. నాకు మాత్రం సంతోషం రాలేదు. ఆమె తప్పని తేలితే గెలిచేదాన్ని. ఆ గెలుపేదో ఆమే నా చేతిలో పెట్టేసరికి ఇంకా చిన్నదాన్నయ్యాను.

ఇప్పుడామె వేరే రాష్ట్రంలో పనిచేస్తోంది. అప్పుడప్పుడు ఫోన్ చేసి, "ఏం పిల్లా, ఏం చేస్తున్నవ్?" అంటుంది. నా పని గురించి కొంచెం ఎక్కువ చేసే చెబుతాను. ఆమె నిజంగానే సంతోషపడుతుంది. ఫోన్ పెట్టేసి, ఆమెకంటే బాగా చేయాలని మళ్లీ ప్రయోగశాలకే వెళతాను. నన్ను ఇంతదాకా నడిపించింది ఆమె నేర్పిన పనా, ఆమె మీద కుళ్లా అంటే, రెండోదే అనుకుంటాను. ఆ మాట ఆమెకు ఇంతవరకూ చెప్పలేదు.