ఎర్ర గీతల లెక్క

1974 జూన్ 10, సోమవారం, సాయంత్రం నాలుగుంబావు. మంచిర్యాల మిషన్ బడిలో ఆఖరి గంట కొట్టిన పది నిమిషాలకు మా పెద్ద టీచరమ్మ నన్ను పిలిపించి, పక్క బంగళాలో ఉన్న ఇద్దరు స్వీడన్ ఆడపిల్లల చేత వాళ్ల భాషలో రాయించే బాధ్యత ఇక నీదే అని చెప్పింది. నాకప్పుడు ఇరవై నాలుగేళ్లు, లెక్కల టీచరును, స్వీడిష్ ఒక్క ముక్క రాదు. ఇప్పటికీ రాదు.

ఇదంతా మొన్న ఆదివారం కరీంనగర్‌లో మా ఇంట్లో గుర్తుకొచ్చింది. మా చెల్లెలి మనవరాలు పదిహేనేళ్ల పిల్ల, తల్లిదండ్రుల కొలువుల వల్ల స్వీడన్‌లోనే పెరుగుతున్నది, సెలవులకు వచ్చి నా పక్కన కూర్చుని బడికి పంపవలసిన వ్యాసం ఫోనులో రాసుకుంటున్నది. రాస్తుండగానే తప్పు మాటలు వాటంతటవే ఒప్పు మాటలైపోతున్నాయి. ఇవాళ ఎన్ని తప్పులు పడ్డాయని అడిగాను.

"ఏమో అమ్మమ్మా, గదే దిద్దుకుంటది. నేనెందుకు లెక్కవెట్టాలె?" అన్నది.

ఆ ప్రశ్నకు జవాబుగా బీరువాలోంచి పాత నోటుబుక్కు తీశాను. దీని వయసు ఈ పిల్ల వయసుకు మూడింతలకు పైనే.

ఆ ఇద్దరు పిల్లల తండ్రి బొగ్గు గనుల్లో తొలిచే యంత్రాలు బిగించడానికి వచ్చిన ఇంజనీరు, తెల్లవారకముందే జీపులో వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. తల్లి మూడేళ్ల కిందట పోయింది. పెద్దమ్మాయికి పదిహేను, చిన్నమ్మాయికి పదమూడు. అయిదేళ్లుగా తండ్రి వెంట దేశాలు తిరుగుతూ ఇంగ్లీషు పుస్తకాలే చదవడం వల్ల సొంత భాష నోటికి వచ్చు గాని చేతికి రాదు. మా మంచిర్యాలకు వచ్చిన ఆరు నెలల్లో మాత్రం, బోథ్ నుంచి వచ్చిన వంటామె దగ్గర తెలుగు పట్టేశారు, అదీ ఆమె యాసతో సహా. మరుసటి ఏప్రిల్‌లో వాళ్ల దేశపు బడి ఒక రాత పరీక్ష పంపుతుందట. అది నెగ్గితే ఈడు పిల్లలతో కూర్చుంటారు, లేకపోతే కింది తరగతులకు పోవాలి. అక్కడ వాళ్ల అమ్మమ్మ ఉంది, పంతులమ్మగా పనిచేసి రిటైరైన మనిషి. వారం వారం ఉత్తరం రాసి పంపితే తప్పుల కింద ఎర్ర పెన్సిలుతో గీతలు గీసి, పైన ఒప్పు రాసి తిప్పి పంపుతానన్నది.

భాష రాని దాన్ని నేనేం చేయగలను? గడియారం పెట్టగలను, లెక్క పెట్టగలను. శనివారం నాలుగు నుంచి అయిదు వరకు, ఒక్కొక్కరు సరిగ్గా ముప్పై పంక్తులు రాయాలన్నాను; పంక్తులు సమానంగా లేకపోతే ఈ వారం తప్పులను పోయిన వారం తప్పులతో పోల్చడం కుదరదు కదా. రెండు ఉత్తరాలూ ఒకే కవరులో వెళ్లేవి. అక్షరాల నెత్తిన చుక్కలు, ఒకదాని మీద చిన్న సున్నా, నాకు అదొక వింత. అది ఒత్తా, దీర్ఘమా అని అడిగితే చిన్నది నవ్వి, "టోపీ, టీచరమ్మా. దానికి చలి వెడ్తది" అన్నది.

మొదటి కవరు జూన్ 15న వెళ్లి, ఇరవై ఆరో రోజున తిరిగొచ్చింది. పెద్దమ్మాయికి 41 ఎర్ర గీతలు, చిన్నమ్మాయికి 47. నోటుబుక్కులో రెండు గడులు గీసి రాసుకున్నాను. వంటామెకు ఇది పెద్ద తమాషా. జొన్నపిండి కలుపుతూ వాకిట్లోకి తొంగిచూసి, "గంప కింద గుడ్లు లెక్కవెట్టంగనే పిల్లలైతయా టీచరమ్మా? కోడి పొదగాలె గని" అనేది. నాకు ఒళ్లు మండేది. కాని లెక్క మానలేదు.

మొదటి పన్నెండు కవర్లకు అంకెలు పెద్దగా కదలలేదు. పదమూడో కవరు నుంచి దిగడం మొదలైంది, పెద్దమ్మాయికి 29, మరి కొన్ని వారాలకు 17. నా సంబరం చెప్పలేను. మా కాలపు టీచర్లకు తెలుసు, పిల్లల మార్కుల్లో మనం మన ముఖమే చూసుకుంటాం. క్రిస్మస్ నాడు కేకు ముక్కలు పంచుతున్నప్పుడు వాళ్ల తండ్రికి కాగితం మీద ఒక గీత గీసి చూపించాను, ఇదే లెక్కన ఫిబ్రవరి మొదటి వారానికి తప్పులు సున్నా అని. ఆయన ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

జనవరి 2న ఇరవై ఆరో కవరు వచ్చింది. పెద్దమ్మాయికి 9, చిన్నమ్మాయికి 11. రాసుకోబోతూ ఆగిపోయాను. పెద్దది పుస్తకం వదలని పిల్ల, చిన్నది పెన్ను పట్టుకుంటే ఆవులించే పిల్ల. ఏ తరగతిలోనైనా ఇలాంటి ఇద్దరు ఒకరి వెంట ఒకరు ఒకే మెట్టున దిగడం నేను చూడలేదు. అనుమానంతో కాగితాన్ని కిటికీ దగ్గర పెట్టి చూస్తే, ఒక ఎర్ర గీత మాట కింద కాకుండా రెండు పంక్తుల మధ్య ఖాళీలో ఉంది. ఇంకొకటి కాగితం అంచు దాకా పోయి ఆగింది.

లెక్కల మనిషికి అనుమానం వస్తే పరీక్ష పెట్టకుండా ఉండలేదు. నాలుగో కవరులో పెద్దమ్మాయి వంటామె జొన్నరొట్టె చేసే తీరు రాసింది, ఎండా వానల ప్రస్తావన లేదు గనుక ఏ నెలలో రాసినా చెల్లే ఉత్తరం. అప్పుడు దాని మీద 38 ఎర్ర గీతలు పడ్డాయి. దాన్నే తప్పులతో సహా, ఉన్నదున్నట్టు మళ్లీ రాయమన్నాను.

"తప్పులు గూడ ఎక్కియ్యాల్నా? ఎందుకు టీచరమ్మా?"

"లెక్క కోసం" అన్నాను.

జనవరి 4న వెళ్లిన ఆ ఉత్తరం 30న తిరిగొచ్చింది. ఎర్ర గీతలు ఏడు. కింద అమ్మమ్మ రాసిన ఒక వాక్యాన్ని పెద్దమ్మాయి నాకు చదివి చెప్పింది: "గీ రొట్టె ముచ్చట ఎన్నిసార్లు ఇన్నా మంచిగనే ఉంటది." అంటే ఆమెకు జ్ఞాపకం ఉంది. పాత ఉత్తరమేనని తెలిసింది. పోయింది చూపు మాత్రమే. నాలుగు నెలలుగా నేను మురిసిపోతూ కొలిచింది పిల్లల చదువును కాదు, ఒక ముసలామె కళ్లు మసకబారడాన్ని.

పిల్లలిద్దరినీ మెట్ల మీద కూర్చోబెట్టి చెప్పాను. చిన్నది ఏడ్చింది. పెద్దది చాలాసేపు పాత ఉత్తరాలు తిరగేసి, "అమ్మమ్మకు ఎర్కయిందా, మనం పరీక్ష వెట్టినమని?" అని అడిగింది.

జవాబు వారం తిరగకుండానే వచ్చింది. ఫిబ్రవరి 6న వచ్చిన కవరు ఉబ్బెత్తుగా ఉంది. అందులో మా రెండు ఉత్తరాలు ఒక్క ఎర్ర గీత లేకుండా ఉన్నాయి, వాటితో పాటు రెండంగుళాల ఎర్ర పెన్సిలు ముక్క, వంకరటింకర పెద్ద అక్షరాలతో ఒక చీటీ. పెద్దమ్మాయి దాన్ని చదివి, వంటామె తెలుగులోనే చెప్పింది: "ఇగ మీరే దిద్దుకోండ్రి."

క్రిస్మస్ నాడు నేను గీసిన గీత తప్పలేదు. ఫిబ్రవరి మొదటి వారానికి సున్నా.

పరీక్షకు యాభై ఎనిమిది రోజులున్నాయి. నోటుబుక్కు పుణ్యమా అని ఆమె కళ్లు ఎప్పటిదాకా బాగున్నాయో నాకు తెలుసు. మొదటి పన్నెండు కవర్లలోని ఇరవై నాలుగు ఉత్తరాలే మా పాఠ్యపుస్తకం. వాటిలో పెద్దమ్మాయివి 438, చిన్నమ్మాయివి 521, వెరసి 959 గీతలు. వాటిని నేల మీద వరసగా పరిచి, అక్క కొత్తగా రాసింది చెల్లె, చెల్లె రాసింది అక్క ఆ పెన్సిలుతోనే దిద్దుకునేవారు, గొడవపడేవారు, గీత గీయాలా వద్దా అని నన్ను అడిగేవారు, నాకేం తెలుసు. వంటామె మాత్రం ఒక సాయంత్రం అట్లాగే చూస్తూ నిలబడి, "ఇగో, కోడి ఇప్పుడు పొదుగుతున్నది" అన్నది. శనివారం ఉత్తరాలు మానలేదు. మార్చి 15 దాకా రాశారు. అమ్మమ్మ వాటిని తిప్పి పంపలేదు, దగ్గరే ఉంచుకుంది.

ఏప్రిల్ 5న పరీక్ష రాయించాను. మే 22న ఫలితం వచ్చింది. పెద్దది ఈడు పిల్లల తరగతికి, చిన్నది ఒక తరగతి కిందికి. జూన్ 3న మంచిర్యాల స్టేషనులో ఢిల్లీ రైలెక్కుతూ చిన్నది, "ఫికర్ చెయ్యకు టీచరమ్మా, నేనే జర బద్ధకం చేసిన" అని నన్నే ఓదార్చింది. పెద్దది గోరంత మిగిలిన పెన్సిలును ఒక నిర్మల్ కొయ్యడబ్బీలో పెట్టి నా చేతికిచ్చింది. తర్వాత ఒక్క ఉత్తరం వచ్చింది, అమ్మమ్మకు ఇప్పుడేమీ కనబడడం లేదని, రొట్టె ఉత్తరం చదివించుకుని వింటున్నదని.

మొన్న ఈ కథంతా విన్న మా చెల్లెలి మనవరాలు ఫోను పక్కన పెట్టి, రాసింది దిద్దకుండా ఉంచే ఉపాయం ఏదైనా ఉందేమోనని కాసేపు వెతికింది. దొరకలేదు. ఈ రోజుల్లో తప్పు పుట్టిన చోటే మాయమైపోతుంది, ఎవరి కళ్లూ అలసిపోనక్కర లేదు, అది మంచిదే కావచ్చు. కాని తప్పు కింద గీసిన గీతలో గీసిన చేతి వణుకు కూడా ఉండేది.

రాసిన ఉత్తరాలు ఎనభై. ఎర్ర గీతలతో తిరిగొచ్చినవి అరవై, గీత లేకుండా వచ్చినవి రెండు, అమ్మమ్మ దగ్గరే ఉండిపోయినవి పద్దెనిమిది. పోయినవి: చిన్నమ్మాయికి ఒక సంవత్సరం. అమ్మమ్మకు రెండు కళ్లు. ఇల్లు మారినప్పుడు కొయ్యడబ్బీ ఒకటి, అందులో పెన్సిలు ముక్క ఒకటి. ఆమెకు తెలియకుండా ఆమెనే పరీక్షించినందుకు క్షమించమని నేను రాయవలసి ఉండి రాయని ఉత్తరం, ఒకటి.